స్నానం వేళను ఎవరు నిర్ణయించాలి? సంరక్షకుల శిక్షణపై ఒక కేస్ స్టడీ

మేధో వైకల్యం, ఆటిజం లాంటి అభివృద్ధి వైకల్యాలున్న పెద్దలు ఉండే ఒక నివాస కేంద్రం, తమ సహాయకులకు శిక్షణ ఇవ్వాలని నన్ను కోరింది. వినతిలో కారణం ఒకటే రాశారు: అక్కడుండే ఎనిమిది మందిలో ఒకరు ఉదయం స్నానం వేళ తల గోడకేసి కొట్టుకుంటున్నారు, దగ్గరికి వెళ్లినవాళ్ల చేతులు గీరేస్తున్నారు, ఆయన్ను అదుపు చేసే పద్ధతులు నేర్పాలి. ఇలాంటి వినతులు నాకు తరచూ వస్తాయి. సమస్యంతా ఒక మనిషిలో ఉందని, మిగిలినవాళ్లకు కాస్త ఒడుపు తెలిస్తే సర్దుకుంటుందని వాటి ధోరణి. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఉంది. వ్యక్తి కేంద్రిత సహాయం గురించి, అంటే ఆ మనిషి ఇష్టాలూ అవసరాలనుబట్టి సాయం చేయడం గురించి సహాయకులకు ఎంత బాగా నేర్పినా, నేర్చుకున్నదాన్ని తమ షిఫ్టులో ఆచరించే అధికారం వాళ్లకు లేకపోతే ఆ శిక్షణ నిలబడదు. ఇది ఇక్కడ కనబడినంత స్పష్టంగా మరెక్కడా నాకు కనబడలేదు.

ఆయన్ను గుర్తుపట్టగల వివరాలన్నీ మార్చాను. ఏం రాయబోతున్నానో ఆయనకు ఫొటోలు చూపిస్తూ చెప్పాను. ఆయన అక్క అంగీకారం కూడా తీసుకున్నాను.

నేపథ్యం

ఆయనకు నలభై దాటాయి. మేధో వైకల్యం, ఆటిజం రెండూ ఉన్నాయి. చిన్నతనం నుంచీ సంస్థల్లోనే పెరిగారు. మాటలు వస్తాయి కానీ చాలావరకు ఎదుటివాళ్లు అన్న చివరి మాటనే తిరిగి అంటారు. ఎకోలాలియా అనే ఈ లక్షణం ఆటిజం ఉన్నవాళ్లలో చాలామందికి ఉంటుంది. నడవగలరు, సొంతంగా తినగలరు. బట్టలు మార్చుకోవడానికి, స్నానానికి మాత్రం సాయం కావాలి.

ఫైలు మందంగానే ఉంది. 'మొండితనం', 'దూకుడు', 'సహకరించడు' అనే మాటలు ఏళ్ల తరబడి ఒక నివేదికలోంచి ఇంకో నివేదికలోకి ఎక్కుతూ వచ్చాయి. ఆయనకు ఏది ఇష్టం, ఎవరంటే ఇష్టం, ఖాళీగా ఉన్నప్పుడు ఏం చేస్తారు అన్నదానిపై ఒక్క వాక్యం లేదు. మొదటి సమావేశంలో ఒక సహాయకుడు నాతో, "వాడికి అన్నీ తెలుసండీ, కావాలనే చేస్తాడు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. వాళ్లు కఠినులు కారు. తెల్లవారకముందే లేచి, ఇద్దరే ఎనిమిది మందిని తయారు చేసి, గీరిన చేతులతో ఇళ్లకు వెళ్తున్నవాళ్లు.

శిక్షణకు ముందు వైద్య పరీక్ష

ఒక మనిషి తల కొట్టుకుంటుంటే మొదట వెతకాల్సింది నొప్పిని. పంటి నొప్పి, చెవిలో ఇన్ఫెక్షన్, కడుపులో మంట, మలబద్ధకం, ఆడవాళ్లకైతే నెలసరి నొప్పి: వీటిలో ఏదైనా కావచ్చు. మాటల్లో చెప్పుకోలేనివాళ్ల నొప్పిని 'వైకల్యంలో భాగమే' అని పక్కన పెట్టేయడం తరచూ జరిగే పొరపాటు. మానసిక సమస్యల విషయంలో ఇలాంటి పొరపాటునే 1982లో స్టీవెన్ రైస్, ఆయన సహచరులు పరిశోధించి చూపించారు. వైకల్యం అనే ముద్ర పడ్డాక నిపుణుల కంటికి కూడా దాని వెనకున్న మరో సమస్య చిన్నదిగా కనబడుతుందని వాళ్లు తేల్చారు. ఇన్నేళ్ల తర్వాత కూడా అదే జరుగుతోంది. అందుకే వైద్య పరీక్ష పూర్తి కాకుండా ప్రవర్తన గురించి శిక్షణ మొదలుపెట్టడానికి నేను ఒప్పుకోను.

ఇక్కడ బయటపడింది తీవ్రమైన మలబద్ధకం. ఆయన వాడుతున్న మందుల్లో ఒకటి దాన్ని పెంచుతోంది. వైద్యులు మందు మార్చి చికిత్స చేశాక తల కొట్టుకోవడం బాగా తగ్గింది. స్నానం దగ్గర పెనుగులాట మాత్రం తగ్గలేదు. శిక్షణకు మిగిలిన పని అది.

చివరి మాట ఎంపిక కాదు

మొదటి దశ గదిలో కూర్చుని చేసింది. దాని గురించి ఎక్కువ రాయను. ఆయన జీవితంలో ఆయనకు ముఖ్యమైనవి ఏవి, ఆయన ఆరోగ్యానికీ భద్రతకూ ముఖ్యమైనవి ఏవి అని రెండుగా విడదీసి చూడటం నేర్పాను. ఈ విభజన అమెరికాలో మైఖేల్ స్మల్, ఆయన సహచరులు 1980ల చివర్లో మొదలుపెట్టిన జీవనశైలి ప్రణాళికల నుంచి వచ్చింది. సహాయకులు రెండో జాబితాను గబగబా నింపేశారు: మందులు, జారిపడకుండా చూడటం, పరిశుభ్రత. మొదటి జాబితా దగ్గర కలాలు ఆగిపోయాయి. అప్పుడు ఆ గదిలో బట్టలు ఉతికే పని చూసే ఆవిడ, శిక్షణ తనకు కాదనుకుని తలుపు దగ్గరే కూర్చున్నావిడ, ఇలా చెప్పింది: "ఆరిన బట్టలు తీసేటప్పుడు నా వెనకే వస్తాడండీ. క్లిప్పులన్నీ తీసి రంగుల ప్రకారం డబ్బాలో వేస్తాడు. ఎవరూ చెప్పక్కర్లేదు." ఆ జాబితాలో మొదటి వాక్యం అదే అయింది.

అసలు పాఠం మాత్రం చొక్కాల దగ్గర జరిగింది. ఆయనకు ఎంచుకునే అవకాశం ఇస్తున్నామని సహాయకులు నిజాయితీగా నమ్మేవారు. ఉదయం ఒక సహాయకురాలు రెండు చొక్కాలు పట్టుకుని అడిగింది: "నీలంది వేసుకుంటావా, తెల్లది వేసుకుంటావా?" ఆయన "తెల్లది వేసుకుంటావా" అన్నారు. తెల్లది తొడిగింది. మర్నాడు అదే ప్రశ్నను తిరగేసి, తెల్లది ముందు, నీలంది తర్వాత వచ్చేలా అడగమన్నాను. ఆయన "నీలంది వేసుకుంటావా" అన్నారు. ఇన్నాళ్లూ ఎంపిక అనుకున్నది ప్రశ్నలోని చివరి ముక్క మాత్రమేనని ఆమెకు అక్కడికక్కడే అర్థమైంది.

అవును, కాదు అనే ప్రశ్నలతోనూ ఇదే చిక్కు. మేధో వైకల్యం ఉన్నవాళ్లలో చాలామంది ఏం అడిగినా 'అవును' అనే అవకాశం ఎక్కువని కేరల్ సిగెల్‌మాన్ బృందం 1981లోనే చూపించింది. ఎదుటి మనిషిని నొప్పించకూడదని, ప్రశ్న త్వరగా ముగియాలని, లేదా ప్రశ్న అర్థం కాక అలా అంటారు. ఒక్క 'అవును' విని సమ్మతి దొరికిందని రాసుకోవడం వాళ్లకు అన్యాయం.

అందుకని మాటలు పూర్తిగా మానేసి చూపించడం మొదలుపెట్టాం. రెండు చొక్కాలను ఛాతీ ఎత్తులో, దూరం దూరంగా పట్టుకోవాలి. పేరు పిలిచి ఆగాలి. మనసులో నెమ్మదిగా పది లెక్కపెట్టాలి. ఈ పది లెక్కపెట్టడమే సహాయకులకు అన్నిటికంటే కష్టమైంది. మూడు దగ్గరకు వచ్చేసరికి నోరు తెరిచేవారు. ఆయన ఎడమవైపు చొక్కా అందుకున్నారు. మర్నాడు చొక్కాలను అటూ ఇటూ మార్చాం. మళ్లీ ఎడమవైపుదే. అంటే చెయ్యి అలవాటుగా ఒకే వైపు వెళ్తోంది. ఇక చొక్కాలను మంచం మీద వేర్వేరు చోట్ల పరిచి, ఆయన్నే వెళ్లనిచ్చి, ఏది తాకారో, ఏది పక్కకు నెట్టారో రోజూ రాసుకున్నాం. కొన్ని వారాలకు ఒక సంగతి తేలింది. రంగుతో ఆయనకు పని లేదు. గుండీలు, గట్టి కాలరు ఉన్నవాటిని నెట్టేస్తున్నారు. తలమీంచి వేసుకునే మెత్తటివి కనబడితే చేతుల్లోకి తీసుకుని చెంపకు ఆనించుకుంటున్నారు. ఆయన అలమారలో ఉన్నవి దాదాపు అన్నీ గుండీల చొక్కాలే. మేం చూపిస్తున్న రెండిట్లోనూ ఆయన కోరుకునేది లేదన్నమాట.

ఈ విషయాన్ని ఆ తర్వాత నేను ఇచ్చిన ప్రతి శిక్షణలోనూ చెప్పాను. ఎంచుకోమనడం సులువు. ఏవేవి ముందు పెడుతున్నామన్నదే అసలు సంగతి.

స్నానాన్ని మెట్లుగా విడదీసి

స్నానం దగ్గర ఏం జరుగుతోందో చూడటానికి సహాయకులకు ఒక సాదా కాగితం ఇచ్చాను. ముందు ఏం జరిగింది, ఆయన ఏం చేశారు, ఆ వెంటనే ఏం జరిగింది: మూడే గడులు. మొదట్లో 'కోపం వచ్చింది', 'మారాం చేశాడు' అని రాసేవారు. కెమెరా అయితే ఏం చూస్తుందో అది రాయమన్నాను. రాత పదునెక్కే కొద్దీ పెనుగులాట మొదలయ్యే చోటు బయటపడింది. అది నీళ్ల దగ్గర కాదు, నడవలో. ఆయన కిటికీ దగ్గర నిలబడి ఉండగా ఎవరో వెనకనుంచి వచ్చి మణికట్టు పట్టుకునేవారు. రెండో చోటు, తల మీద మొదటి చెంబు పడే క్షణం. మిగతా మెట్లన్నిటిలో ఆయన మామూలుగానే ఉన్నారు.

దీన్ని అర్థం చేయించడానికి సహాయకులను జంటలుగా కూర్చోబెట్టాను. ఒకరు కుర్చీలో, ఇంకొకరు తడి గుడ్డతో. మొదట వెనకనుంచి, చెప్పకుండా, పక్కవాళ్లతో కబుర్లాడుతూ ముఖం తుడవాలి. తర్వాత ఎదురుగా వచ్చి, గుడ్డ చూపించి, ఆగి, కుర్చీలో ఉన్న మనిషి ముఖం కాస్త ముందుకు చాచాక తుడవాలి. కళ్లకు గంతలు కట్టి, చేతులు కట్టేసి వైకల్యాన్ని నటింపజేసే ఆటలు నేను చేయించను. వాటివల్ల జాలి పెరుగుతుంది, గౌరవం పెరగదు. ఇక్కడ నటించేది వైకల్యాన్ని కాదు. అందుకునే సాయం ఎలా ఉంటుందో ఒంటికి తెలియాలి, అంతే. మొదటి పద్ధతిలో కూర్చున్న వాళ్లలో చాలామంది చెయ్యి తమకు తెలియకుండానే గుడ్డను తోసేసింది.

తర్వాత బాత్రూంలోనే, షిఫ్టు వేళలోనే పక్కన నిలబడి నేర్పడం. ముందు నేను చేసి చూపించడం, తర్వాత వాళ్లు చేయడం, అయిన వెంటనే ఇద్దరమూ మాట్లాడుకోవడం. గదిలో విన్నది గదిలోనే ఉండిపోతుంది. చేతికి అలవాటయ్యేది పని జరిగే చోటే.

రెండు వేళ్లు

కేంద్రంలో అందరికంటే సీనియర్ సహాయకురాలు మొదటి దశ అంతా ముభావంగా ఉంది. ఒకరోజు అందరి ముందూ అడిగింది: "ఇన్నేళ్లూ నేను చూసుకున్నదంతా తప్పేనా?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా దాటేసే శిక్షకులంటే నాకు నచ్చదు. తప్పు పట్టడానికి రాలేదని, ఆయన గురించి ఈ గదిలో అందరికంటే ఎక్కువ తెలిసింది ఆమెకేనని, అది కాగితం మీదకు రాకపోవడం సంస్థ లోపమని చెప్పాను. ఊరడింపుగా అన్న మాట కాదది. స్నానం చేయించేటప్పుడు ఆమెను మాత్రం ఆయన ఎందుకు గీరరని అడిగితే, "గీరేముందు చెంబును రెండు వేళ్లతో కిందికి నొక్కుతాడు కదండీ, అప్పుడు ఆగుతాను" అంది. ఇంకెవరికీ ఆ సంగతి తెలియదు.

'ఆపండి' అనడానికి ఆయనకు ఏళ్లుగా ఉన్న సైగ అది. అర్థం చేసుకున్నది ఒక్క మనిషి. మిగిలిన షిఫ్టుల్లో ఆ సైగ పనిచేయక, గోళ్ల దాకా వెళ్లాల్సి వచ్చింది. ఇబ్బంది పెట్టే ప్రవర్తన చాలాసార్లు ఏదో చెప్పే ప్రయత్నమేనని, అదే అర్థాన్నిచ్చే తేలికైన దారి నేర్పి, దాన్ని మన్నిస్తే ఆ ప్రవర్తన తగ్గుతుందని 1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరాండ్ చేసిన పరిశోధన చూపింది. ఇక్కడ కొత్త సైగ నేర్పే అవసరం కూడా లేదు. ఉన్నదాన్ని అందరూ మన్నించాలి. ఒప్పందం ఇలా చేసుకున్నాం: చెంబు మీద రెండు వేళ్లు పడగానే, ఎవరి షిఫ్టు అయినా, ఎంత తొందరలో ఉన్నా, నీళ్లు ఆగాలి. చెంబు కింద పెట్టాలి. ఆయన మళ్లీ చెంబు వైపు చూసేదాకా ఆగాలి.

మొదటి వారాల్లో ఆయన ఆ వేళ్లను ఎడతెగకుండా వాడారు. సగం రోజులు స్నానం మధ్యలోనే ఆగిపోయింది. సహాయకులు హడలిపోయారు. ఇలా జరుగుతుందని ముందే చెప్పి ఉంచాను. జీవితంలో మొదటిసారి తన మాట చెల్లుతోందని తెలిసిన మనిషి దాన్ని పదేపదే అని చూస్తారు. చెల్లుబాటుపై నమ్మకం కుదిరాక తగ్గిస్తారు. ఇక్కడ అలాగే జరిగింది. కానీ ఆ మధ్యకాలం గడవాలంటే సహాయకుల ఓర్పు ఒక్కటే చాలలేదు.

రిజిస్టరులో ఒకే గడి

స్నానాల రిజిస్టరులో 'ఉదయం' అని ఒకే గడి ఉంది. రాత్రి షిఫ్టు దిగేలోపు ఎనిమిది స్నానాలూ పూర్తి కావాలి. గడి ఖాళీగా ఉంటే ఆ సహాయకుడు రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి. ఇప్పుడు చెప్పండి: చెంబు మీద రెండు వేళ్లు పడితే ఆగాలని నేను నేర్పాను. ఆగితే సంజాయిషీ ఇవ్వాలని సంస్థ అంటోంది. సహాయకుడు ఎవరి మాట వినాలి?

ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక 2008 నుంచి అమల్లో ఉంది. దాని 12వ అధికరణం ప్రతి వ్యక్తికీ చట్టం ముందు సమాన గుర్తింపును, నిర్ణయాలు తీసుకోవడానికి కావాల్సిన సాయాన్ని హక్కుగా చెబుతుంది. కేంద్రం గోడ మీద ఈ హక్కుల పట్టిక అందంగా వేలాడుతోంది. ఆ హక్కు బాత్రూం తలుపు దగ్గరికి వచ్చేసరికి రిజిస్టరులోని ఒక్క గడి దాన్ని కొట్టేస్తోంది. ఇదే నాకు ఈ కేసులో అన్నిటికంటే బాధ కలిగించింది. తన షిఫ్టులో పది నిమిషాలు అటూ ఇటూ జరిపే అధికారం లేని సహాయకుడు ఇంకొకరికి ఎంచుకునే అవకాశం ఎలా ఇస్తాడు?

నిర్వాహకురాలితో, రెండు షిఫ్టుల సహాయకులతో కలిసి కూర్చున్నాం. వాదన పెద్దగా జరగలేదు. ఆమె అడిగింది ఒకటే: పరిశుభ్రత తగ్గదని హామీ ఏమిటి? రోజువారీ శుభ్రతకు తప్పనిసరిగా కడగాల్సిన భాగాలేవో, తడి గుడ్డతో సరిపెట్టగలిగేవేవో వైద్యుల సలహాతో రాసి ఇచ్చాం. రిజిస్టరులో 'సాయంత్రం', 'ఆయన ఆపమన్నారు' అనే రెండు గడులు చేర్చారు. రెండో గడి నింపితే సంజాయిషీ అక్కర్లేదు. ఎవరెవరికి ఏ వేళ నచ్చుతుందో చూశాక ముగ్గురి స్నానాలు సాయంత్రానికి మారాయి. దాంతో ఉదయం మిగిలిన ఐదుగురికీ తీరిక దొరికింది.

ఆయన వేళ ఎలా తెలిసిందో చెప్పాలి. బట్టల దగ్గర ఆయనకు పని వాటాను పెంచాం. జిమ్ మాన్సెల్ తదితరులు బ్రిటన్‌లో రూపొందించిన 'యాక్టివ్ సపోర్ట్' పద్ధతి చెప్పేది ఇదే: పని పూర్తిగా రాకపోయినా అందులో ఏదో ఒక భాగంలో ఆ మనిషి చెయ్యి ఉండాలి, అందుకు సరిపడా సాయమే చేయాలి, మించకూడదు. క్లిప్పులు తీసే ఆయన కొద్దిరోజులకు బుట్టకు ఒక పక్క పట్టుకుని లోపలికి తేవడం, తువ్వాళ్లు మడవడం మొదలుపెట్టారు. ఒక సాయంత్రం మడిచిన తువ్వాలు ఒకటి తీసుకుని తనంతట తనే బాత్రూం వైపు నడిచారు. సహాయకుడు వెంట వెళ్లాడు కానీ పట్టుకోలేదు. ఆ తర్వాత స్నానం వేళ అదే అయింది. మొదటి సమావేశంలో 'కావాలనే చేస్తాడు' అన్న సహాయకుడే ఆ రోజు రిజిస్టరులో ఇలా రాశాడు: 'తువ్వాలు ఆయనే తెచ్చుకున్నారు. తలమీద నీళ్లు వద్దన్నారు, పోయలేదు.'

ప్రస్తుత పరిస్థితి

గీరడం అరుదైపోయింది. ఒంట్లో బాగాలేనప్పుడు, కొత్తవాళ్లు తొందరపెట్టినప్పుడు ఇంకా జరుగుతుంది. తల కొట్టుకోవడం కనిపిస్తే మొదట కడుపు సంగతి చూడాలని ఆయన పత్రంలో రాసి ఉంది. ఆ పత్రం ఒకే పేజీ. రాసింది సహాయకులే, బట్టల ఆవిడ మాటలతో సహా. తలస్నానం సమస్య పూర్తిగా తీరలేదు. చెంబుకు బదులు తడి గుడ్డతో, వెనక్కి వంచకుండా, వారానికి కొద్దిసార్లు చేస్తున్నాం.

శిక్షణ పొందినవాళ్లలో కొందరు వెళ్లిపోయారు. ఈ రంగంలో జీతాలు, పనిగంటలు ఉన్న తీరుకు ఇది మామూలే. అయినా మామూలుగా తీసుకోకూడదని నా అభిప్రాయం. ఒక మనిషి సైగలను చదవడం నేర్చుకున్నవాళ్లు వెళ్లిపోతే ఆ మనిషి మళ్లీ మాట పోగొట్టుకున్నట్టే. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లు ఒంటరిగా స్నానం చేయించే ముందు సీనియర్ సహాయకురాలి పక్కన ఉండి రెండు వేళ్ల సైగను గుర్తుపట్టి చూపించాలి. అందుకు ఆమెకు అదనపు సమయం, భత్యం ఇవ్వాలని పట్టుబట్టాను. సమయం దొరికింది. భత్యం ఇంకా పరిశీలనలో ఉంది.

తేలని విషయం ఇంకొకటి ఉంది. ఈ మధ్య ఆయన బుట్ట లోపల పెట్టేశాక గేటు దాకా వెళ్లి గొళ్లెం పట్టుకుని నిలబడుతున్నారు. బయటికి వెళ్లాలనుకుంటున్నారని సహాయకులు అంటున్నారు. వాహనాల భయంతో అక్క వద్దంటున్నారు. ఆమె భయం నిజమైనదే, చిన్నప్పుడు తమ్ముడు ఒకసారి తప్పిపోయిన జ్ఞాపకం ఆమెది. 1972లోనే రాబర్ట్ పెర్స్కీ, సహేతుకమైన ప్రమాదాన్ని ఎదుర్కొనే అవకాశం కూడా మనిషి గౌరవంలో భాగమని రాశారు. ఆ మాటను ఆమె ముందు వాదనగా పెట్టదలచుకోలేదు. గేటు బయట ఏముందో ఆయన చూడాలనుకుంటున్నారా, నడవాలనుకుంటున్నారా, లేక గొళ్లెం చప్పుడు ఇష్టమా అన్నది ముందు తెలుసుకోవాలి. వచ్చే వారం నుంచి రద్దీ లేని వేళ, అక్క కూడా వెంట ఉండగా, గేటు తెరిచి ఆయన ఎటు వెళ్తారో చూడాలని అనుకున్నాం. గమనికలు రాసేది సహాయకులు. ఆపాలో కొనసాగించాలో ఆ రోజు షిఫ్టులో ఉన్నవాళ్లే నిర్ణయించవచ్చని నిర్వాహకురాలు రాసి ఇచ్చారు.